కింది వరస

లారినోలో చావుల్ని గోడలకి అంటిస్తారు.
నల్లంచు కాగితం, పేరు, వయసు,
రేపు చర్చి ఎన్నింటికో.
ఆ కాగితాలు అచ్చేసే కొర్రాదో దగ్గర
సీసపు అక్షరాలు కడగడం నా పని,
పద్నాలుగేళ్ళప్పుడు.

వరస చివర మాట పట్టకపోతే
ఎక్కడ విరవాలో బల్ల మీద వేలితో కొట్టి చూపేవాడు.
"అచ్చుకో దెబ్బ. తా, వొ, లా. మూడు.
సకారం పక్క హల్లుని వదలదు,
చంకనెక్కించుకుని కిందికి దిగుతుంది.
పాస్తాని పా దగ్గర విరు.
పాస్ దగ్గర విరిచావో, నీ చెవి విరుస్తా."

మరి మాట బరువు?
"చివరి అక్షరం మీద పడితేనే గీత పెట్టు.
మిగతా బరువులన్నీ ఊరికి తెలుసు.
తెలిసినదానికి సీసం దండగ."
అయినా రోజూ నన్ను అడిగేవాడు,
ఏ మాటలో ఏది ఒత్తాలో. తప్పితే మొట్టికాయ.

ఫిబ్రవరిలో లొరేతా వచ్చింది,
మోచేతులదాకా పిండితోనే.
రొట్టెల ఎర్మెనెజిల్దో పోయాడు.
పెద్దచ్చులో పేరు కాగితం దాటిపోతోంది.
కొర్రాదో కొట్టి చూశాడు: ఎర్, మె, నె, జిల్, దో.
నాలుగు చోట్ల విరగొచ్చు.
"మనిషిని విరవకు," అందామె.
చిన్నచ్చుకి దిగాం. పేరు నిలిచింది.

"నిద్రలో, తన మంచం మీద" అని వేయమంది.
మంచం, అంటే లెత్తో,
సరిగ్గా వరస చివర పడింది.
ఎటు జరిపినా అక్కడే.

జంట హల్లు విడిపోవాలి, అది నియమం.
పక్కపక్కన పడుకున్న రెండు తకారాల్లో
ఒకటి ఈ వరసలో ఉండిపోతుంది,
ఒకటి కిందికి వెళ్తుంది.
మధ్య వెంట్రుకంత గీత.

తడి కాగితం మీద వేలు పెట్టి కూడబలుక్కుంది.
లెత్
గీత దగ్గర ఆగింది.
ఆ వేలు కింది వరసకి దిగడానికి
చాలాసేపు పట్టింది.
తో.

కొర్రాదో పాడు అలవాటు,
కళ్ళద్దాలు తుడుచుకుంటూ నన్నడిగేశాడు:
"బరువు దేనిమీదరా?"
అడిగాక నాలుక కరుచుకున్నాడు.
నేను అప్పటికే చెప్పేశాను:
"మొదటిదాని మీద. ఉండిపోయినదాని మీద."

ఆమె తలూపింది,
ఉప్పు లెక్క సరిపోయినట్టు.
ఇరవై కాగితాలకి డబ్బిచ్చి
పొయ్యిలో రొట్టెలున్నాయని వెళ్ళిపోయింది.

సాయంత్రం చట్రం విప్పాను.
గీత మీద కొంచెం పిండి.
రెండు తకారాలూ కడిగి, ఒకే అరలో వేశాను.
పైదేదో, కిందిదేదో
చూసుకోలేదు.