నిన్న ఏం తిన్నవ్?

ముక్తేశ్వరి మేడం చేతిల పెన్ను,
నా భుజం మీద త్రాసు.
ఇరవై ఆరేండ్లు గిట్లనే తిరిగినం
అడ్డగుట్ట, వారాసిగూడ, తలాబ్‌కట్ట గల్లీలల్ల.

నాడి పట్టి చూసే డాక్టర్లను మస్తుమందిని చూసిన గని
గంజిగిన్నె వంచి చూసే డాక్టరమ్మను
ఈమెనే చూసిన.
"నిన్న ఏం తిన్నవక్కా?
పొద్దుగాల్నుంచి చెప్పు, చాయ్ సుత ఇడువకు."
జనం మొదలు నవ్వుతరు.
ఎనుకకు పోయి యాది చేసుకుంటరు.
యాది చేసుకుంట చేసుకుంట
కొందరి మొఖం గుంజుకపోతది.

తలాబ్‌కట్టల జుబేదా ఆపా
పప్పు అన్నది, తోటకూర అన్నది, గుడ్డు అన్నది.
పొయ్యి మీద కుండ బోర్లిచ్చి ఉన్నది.
మేడం అన్నీ రాసుకున్నది, గ్రాములతోటి.
మెట్లు దిగినంక కాయితం మీద అడ్డంగ గీత గీసి
"ఇది లెక్కకు రాదు" అన్నది.
ఆ కాయితాన్ని మాత్రం పారేయలే.

కాలేజీల ఆమెను బియ్యం ప్రొఫెసరు అనేటోళ్లు.
గుండెలు కోసేటోళ్లకు కార్లు,
ఆమెకు నాతోని సిటీ బస్సు.
ఢిల్లీ నుంచి పైసలు రాని ఏడు
నెత్తురు చూసే స్ట్రిప్పులు జీతంల నుంచి కొన్నది,
నాకు తెల్వదనుకున్నది.

ఆమె పట్టుకున్న ముచ్చట ఒక్కటే.
తీపి తిని బలిసినోనికి షుగరొస్తే సరే,
రిక్షా తొక్కేటోనికి, సిమెంటు తట్ట మోసేటామెకు
ఎముకల మీద తోలే ఉన్నోళ్లకు
ఎందుకొస్తది?

జవాబు కోసం ప్రసూతి దవాఖాన కింది అర్రల
చెదలు పట్టిన పాత రిజిస్టర్లు తీసి
మూడు ఎండకాలాలు దుమ్ము మింగినం.
తల్లి పేరు. ఆడ, మగ. బరువు.
గంతే, పేజీలకు పేజీలు.

తల్లి కడుపు కాలితే
లోపలి బిడ్డ చక్కెర దాసిపెట్టుడు నేర్సుకుంటదట.
కరువుల నేర్సిన పాఠం
కడుపు నిండినంక సుత మరువదట.
ముప్పై ఏండ్లకు ఆకలే
షుగరై వాపసొస్తదట.
మేడం చెప్తుంటే తలూపిన.
సగమే సమజైంది.

ఒకనాడు ఆమె వేలు ఒక గీత మీద ఆగింది.
బీరమ్మ. మగ. కిలో ముప్పావు.
నేను ఎదురుంగ కూసొని
ఇంకో రిజిస్టరు దులుపుతున్న.
మా అమ్మ పేరు ఈ పట్నంల ఎంతమందికి ఉంటది?
మేడం ఏమనలే. పేజీ తిప్పింది.
శానసేపటికి, తల ఎత్తకుంటనే,
"రేపు పరగడుపున రా" అన్నది.

పేపరు అచ్చయింది, లండన్ల.
అండ్ల నేనొక చుక్కను,
గ్రాఫుల ఎడమదిక్కు, పైన.
మేడం పెన్ను మొనతోటి చూపెట్టింది.
వేలు పెట్టి తాకిన.
మా అమ్మ తినని బువ్వ, ఆవగింజంత.

మొన్న రిటైరైంది.
ఎవరో కేకు తెచ్చిండ్రు, అందరు నవ్విండ్రు,
ఆమె సుత ఇంత తిన్నది.
త్రాసు నాకే ఇచ్చింది,
"బాట్లు జాగ్రత్త, యాభై గ్రాములది ఊకె పోతది."

గేటు కాడ ఆగి అడిగింది:
"నిన్న ఏం తిన్నవ్?"
జొన్నరొట్టె అన్న. సొరకాయ కూర అన్న.
రాత్రి మనుమరాలి పుట్టినరోజు,
రెండు గిన్నెల ఖుబానీ కా మీఠా
నాలిక మీదనే ఉన్నది ఇంక.
మేడం నా మొఖం చూసింది.
ఆమె చెయ్యి పెన్ను కోసం సంచిలకు పోయి
ఉట్టిగనే వాపసొచ్చింది.