అర శేరు పాలు

గేటు కాడ రేకు డబ్బా.
అందులో గాజులు, మెట్టెలు, జడపిన్నులు.
బొట్టుబిళ్లలు తీసేసి పసుపుతాడు ఉంచుకోండి అన్నాడు జమేదారు.
నిప్పురవ్వ ఒక్కటి లేస్తే
గుంతకల్లు స్టేషన్ దాకా ఏమీ మిగలదంట.

నేను డిస్పెన్సరీలో డ్రెస్సర్ని.
గుత్తి మిషన్ ఆసుపత్రిలో కట్లు కట్టడం నేర్చినదాన్ని.
పొద్దున్నే వరసలో నిలబెట్టి
కింది రెప్ప లాగి చూడాలి,
పెదాలు నేరేడు రంగుకు తిరిగినాయా,
గోర్లు.
ఆనక మనిషికి అర శేరు పాలు.
పాలు విషాన్ని విరుస్తాయని కాగితంలో ఉంది.
కాగితం మదరాసు నుంచి వచ్చింది.
పాలు కసాపురం నుంచి రావాలి,
ఎండిన ఏడు, సగం నీళ్లే వచ్చేవి.

ఆ పొడి పచ్చన.
గుండు కడుపులో పోసి కొయ్యతో కూరాలి,
చంటిదానికి ఉగ్గు పట్టినంత నెమ్మదిగా.
నెల తిరిగేసరికి అరచేతులు,
ఆ పైన మెడ, కనుగుడ్లు,
పొద్దున లేస్తే
పక్కబట్ట మీద మనిషి ఆకారం.

ఉలిగమ్మ మొగుడు బర్మాలో పోయి రెండేండ్లు.
పసుపు ముట్టద్దన్న అత్త
ఒకనాడు గేటు దాకా వచ్చి అరిచింది:
"ఎవని కోసమే ఆ పూత?"
"సర్కారు పూసిందత్తా. రుద్దినా పోదు."
ఆమె పక్కనుంచే ముత్తైదువలు
బోసి చేతులతో లోపలికి పోతాండారు.

కాశింబీకి వాంతులు పట్టుకున్నాయి.
రిజిస్టర్లో 'కారణం' అని ఒక గడి.
"కామెర్లని రాయి," అన్నాడు కాంట్రాక్టరు,
"పొడి అని రాస్తే షెడ్డు మూస్తారు.
వీళ్ల ఆరణాలు నువ్విస్తావా?"
రాసినాను.
కామెర్లే కదా అని ఇంటికాడ
నేలఉసిరి పసరు పోసినారు, పదకొండు దినాలు.
పన్నెండో దినం నేను పోలేదు.
పోయుంటే ఏం చెప్పేదాన్నో
ఇప్పటికీ తెలీదు.

డాక్టరు నెలకొకసారి, ముక్కుకు రుమాలుతో.
ఒక మంచి చేసినాడు, అనకూడదు:
కిటికీలు పెద్దవి చేయమని రాసినాడు.
మేస్త్రీ గోడ పగలగొట్టే నాటికి
యుద్ధం అయిపోయింది.

ఇంకొకటి కూడా రాయలేదు నేను.
ఆ పాలు ఎవరూ తాగేవాళ్లు కాదు.
చీరకుచ్చెళ్ల చాటున మట్టి ముంత,
ఇంటికాడ పిల్లోళ్లకు.
నా ముందర తాగాలని రూలు.
నేను దూది చుట్టుకుంటా
గోడ దిక్కు తిరిగి కూర్చునేదాన్ని.

షెడ్డు మూసిన నెలకు
ఉలిగమ్మ నా వాకిట్లో నిలబడింది.
చేతులు చాపింది. గోర్ల మొదట్లో
తెల్లగా, నెలవంకంత.
అలవాటు కొద్దీ కింది రెప్ప లాగి చూసినాను.
"పోతాండాది కదక్కా," అనింది.
సంతోషమో ఏమో పోల్చుకోలేకపోయినాను.
చాలాసేపు నిలబడి,
కొంగు కింద ముంత సర్దుకుంటా,
"పాలు కూడా నిలిపేసినారా?"