విప్పని అచ్చు

ఈ ఊరిని నేను తలకిందులుగానే చదువుకున్నాను,
సీసంలో, ఒక్కో అక్షరాన్నీ వేలికొసతో తడుముకుంటూ.
పదమూడో ఏట క్రాండల్ గారి అచ్చుశాలలో చేరినరోజు
ఆయన చెప్పిన పాఠం ఒక్కటే:
"చిన్న బి, చిన్న డి కవలపిల్లలు.
ఒకటి తిరగబడిందా, ఒకడి పొలం ఇంకొకడిదవుతుంది."

నాలుగో పేజీలో ఎడమ వరుస పెద్దమనుషులది.
ఏడాదికి ఐదు డాలర్లు. లేకపోతే రెండు బళ్ళ కట్టెలు,
అవీ మేపుల్ కట్టెలైతేనే.
లాయరు లైసాండర్ పీబడీ: దస్తావేజులు, బాకీల వసూళ్ళు,
టోపీల కొట్టు పైన, మెట్లు బయటి నుంచి.
పళ్ళ డాక్టరు జీనస్ వుడ్‌వర్త్ నెలకో మంగళవారం
సత్రంలో దిగుతాడు. "నొప్పి తెలియకుండా" అన్న మాట
ఎన్నేళ్ళుగా అచ్చేశామో, "నొప్పి" అరిగిపోయి
ఇప్పుడు "తెలియకుండా" ఒక్కటే నల్లగా పడుతోంది.
వడ్రంగి ఈనోస్ టటిల్ ఉయ్యాలలు, బల్లలు, శవపేటికలు చేస్తాడు,
అన్నీ ఒకే వాక్యంలో, మధ్య కామాలతో.

డాక్టర్ స్టోన్ మార్చిలో పోయాడు.
డిసెంబరు దాకా డబ్బు కట్టేసి ఉన్నాడు కనక
"ఏ రాత్రివేళైనా తలుపు తట్టండి" అని
వారం వారం పిలుస్తూనే ఉన్నాడు.
విప్పేయనా అని అడిగితే
క్రాండల్ గారు గల్లాపెట్టె వైపు చూశారు.

కుడి వరుస పొలాలది.
ఆ అక్టోబరులో ఏమస్ గిలెట్ కాగితం తెచ్చాడు:
నూట పది ఎకరాలు, అరవై చదును చేసినవి,
నలభై ఆపిల్ చెట్లు, రెండు కొట్టాలు,
ఎన్నడూ ఎండని ఊట.
వివరాలకు పీబడీ గారు.

మూడో వారం వాళ్ళావిడ డోర్కస్ వచ్చింది,
తడిసిన శాలువా, చేతిలో గుడ్ల బుట్ట.
చదవమంది. చదివాను.
ఊట దగ్గర ఆపింది.
"ఆగస్టు వస్తే దాని అడుగున రాళ్ళు లెక్కపెట్టొచ్చు.
వాగు నుంచి బిందెలు మోసిన భుజం ఇది.
ఆ మాట నా పేరుతో వెయ్యండి.
మూడు డజన్లున్నాయి, చాలవా?"

క్రాండల్ గారు కళ్ళజోడు తుడిచారు.
పెళ్ళైన ఆడదాని సంతకానికి
మొగుడి సంతకం తోడుండాలన్నారు.
పీబడీ ఐదు డాలర్ల సంగతి మాత్రం అనలేదు.
ఆమె బుట్ట అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి దీపం తగ్గించి
"ఎన్నడూ ఎండని" అన్నంత మేరా చిమటాతో లాగేశాను.
చోటు వదిలేస్తే వరుస కూలిపోతుంది.
అచ్చులో ఖాళీ కూడా సీసమే,
అక్షరమంత బరువు, కాస్త పొట్టి, సిరా అంటదు, అంతే.
పొద్దున్న పత్రికలో "ఊట" ముందు
తెల్లగా, చూపుడువేలంత మౌనం.

ఎవరూ అడగలేదు.
కొనేవాడు రట్లాండ్ నుంచి ఏప్రిల్లో వచ్చాడు.
కొండమీద మంచు కరుగుతోంది,
ఆ నెలలో ఊళ్ళో గుర్రపు డెక్క దిగినచోటల్లా ఊటే.
దోసిలితో తాగి, తియ్యగా ఉందన్నాడట.
పీబడీ గదిలో జడ్జి డోర్కస్‌ని పక్కకి పిలిచి
భయం లేకుండా, బలవంతం లేకుండా
ఒప్పుకుంటున్నావా అని అడిగాడట, చట్టం అడగమంటుంది.
ఆమె కిటికీలోంచి మా అచ్చుశాల తలుపు వైపు చూసి
ఊఁ అందట.

ఆ ప్రకటన నేనే విప్పాను.
అక్షరాలు దేని గూట్లోకి అది,
ఖాళీలు ఖాళీల గూట్లోకి.

క్రాండల్ గారి ఖాతా పుస్తకంలో, ఆయన చేతిరాత:
గిలెట్ గారి భార్య. గుడ్లు, మూడు డజన్లు. ముట్టినవి.
ఎదురుగా, ప్రకటన అన్న గడిలో
ఏమీ రాయలేదు.
గుడ్లు మేమే తిన్నాం. రెండు చితికాయి.