వందలోంచి ఏడు

చెయ్యి వణకడానికి పదేళ్ళ ముందే
ఆయన కడుపు మొరాయించింది.
మేం పెరంబూరు నీళ్ళని తిట్టుకున్నాం.

ఇప్పుడు వంటింటి క్యాలెండరు నా చేతిలో.
కడుపు కదిలిన రోజు చుక్క,
కదలని రోజు ఖాళీ.
వరసగా నాలుగు ఖాళీలొస్తే,
గూడ్సు షెడ్డులో ముప్పయ్యేళ్ళు
వ్యాగన్ల బరువులు నోటితోనే కూడిన మనిషి
చొక్కా రెండో గుండీ దగ్గర ఆగిపోతాడు.
నన్ను మా అక్క పేరుతో పిలుస్తాడు.

ఇసబ్గోలు, నానేసిన ఎండుద్రాక్ష.
మాత్ర వేశాక అరగంట దాకా ఇడ్లీ లేదు.
పప్పన్నం రాత్రికే.

కీల్పాక్‌లో డాక్టర్ మంగైయర్కరసి అడిగింది:
"వందలోంచి ఏడు తియ్యండి. మళ్ళీ ఏడు."
తొంభై మూడు.
ఎనభై ఆరు.
ఆ తర్వాత ఫ్యాను చప్పుడు.

నేను క్యాలెండరు కాగితం ముందుకు తోశాను:
"ఇవాళ మూడో ఖాళీ అమ్మా, ఎల్లుండి అడగండి."
ఆవిడ నవ్వలేదు. రాసుకుంది.

గురువారం తెల్లారుజామున
బాత్రూములో చాలాసేపు నిశ్శబ్దం,
తర్వాత బక్కెట్టులో మగ్గు మునిగిన చప్పుడు,
తర్వాత ఆయన గొంతు, తనలో తను:
డెబ్బై తొమ్మిది... డెబ్బై రెండు...
పాలు పొంగిపోతున్నా నేను కదల్లేదు.
అరవై నాలుగు, అన్నాడు.

ఒకటి తప్పింది.
పోన్లే.
చుక్క పెట్టాను.