తరుగు

నా పెళ్ళికి ఎవరేమిచ్చారో
మా అన్న నోటుబుక్కులో రాసుకున్నాడు.
మిక్సీలు రెండు, గోడ గడియారాలు ఐదు,
నూట పదహార్లు బోలెడు.
అవ్వ ఇచ్చిన దిండు మాత్రం
ఏ గీత మీదా ఎక్కలేదు.

మూరెడు దిండు.
పైగుడ్డ తాత పాత లుంగీ.
నీలం దారం చాలక ఒక మూల ఎర్రదారం.

"ఇందులో ఏముందవ్వా, ఇంత బరువు?"
"కందుకూరుంది మే" అనింది.

తాత విల్లు భుజానేసుకుని
తీగ మీటుకుంటా పోతా ఉంటే
అటకల మీది పరుపులు
వాటంతటవే కిందికి దిగేవంట.
ఎవరి దూది వాళ్ళ వసారాలోనే ఏకి
తూకమేసి అప్పజెప్పి
పొద్దుగూకి ఇంటికొచ్చి
గడప బయట నిలబడేవాడు, తెల్లటి బూచోడు.
గడ్డం, కనుబొమలు, చెవుల సందులు
అవ్వ దులిపి పైటలో పట్టుకునేది.
దానిపేరు తరుగు.

"దొంగతనమే కదా" అన్నాడు అన్న.
"గాలికి పోయేదాన్ని పట్టుకుంటే దొంగతనమంట్రా?"
కొంచేపు వక్కాకు నమిలి,
"శెట్టిగారింట్లో ఒకమారు
గుప్పెడు ఎక్కువే తెచ్చాడులే.
మీ నాయనకి జొరం.
తలకింద ఏమీ లేదు."

బళ్ళో టీచరమ్మ అడిగింది:
సాయిబుల పిల్లవి, తెలుగు ఇంత బాగా ఎట్లా?
పెళ్ళిలో మా ఆయన మేనత్త అడిగింది:
ఉర్దూ రాదా, మరేం సాయిబులు?
రెండుమార్లూ ఒకటే నవ్వు నవ్వాను.

ఏకై వచ్చి మేకయ్యారని
ఎవరినో అంటా ఉంటారు.
మాకు మేకవడం చేతకాలా.
ఏ గోడలో దిగాలో ఎవరూ చెప్పలా.

ఇప్పుడు నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట.
పదేళ్ళ గ్యారంటీ ఫోం పరుపు.
దానిమీద, లుంగీ గుడ్డ దిండు.
మా ఆయన నవ్వుతాడు,
నేను లేనప్పుడు దానిమీదే పడుకుంటాడు.

మొన్న మిద్దెమీద ఎండకేస్తే
ఉబ్బి, ఎర్రదారం మూల తెగింది.
పిట్టగోడ దాటి
గుమ్మడి వడియాల మీద వాలింది ఇంత దూది.

"ఏందిమే, మీ దూదంతా మా వడియాలకే?"
పక్కింటి సుబ్బరత్నమక్క కేక.
ఆమె పుట్టిల్లు కందుకూరు.
పోయి ఒక్కొక్క పోగే ఏరతా అన్నాను,
"మాదేనంటావా అక్కా?
సరిగ్గా చూడు."