ఉన్ని తూచే కాటా

కోయాయికేలో ఎలెయుతేరియో సైకిల్ కొట్టు.
ఉన్ని తూచే కాటా మీద నా సామానంతా:
డేరా, పొయ్యి, తడారని మేజోళ్ళు,
మేనత్త వాయించిన అకార్డియన్.

"పక్కసంచులంటే తెరచాపలే," అన్నాడు.
"మన పడమటి గాలి నిన్ను
నేరుగా అర్జెంటీనాలో దింపుతుంది.
వెనక బండి తగిలిస్తావా,
కంకర దారిలో తాగొచ్చిన బావమరిదిలా
ఊగుతూ నీ వెంటే పడుతుంది."
మాతె తేనీటి బుర్ర నా చేతికిచ్చి
మళ్ళీ ముల్లు వైపు చూశాడు.

దక్షిణాన, ఎనిమిది రోజుల దూరంలో
చెల్లెలు ఒతీలియా పెళ్ళి.
వాయిస్తానని మాటిచ్చాను.
ఏం తీసేసినా ఆ పదకొండు కిలోలు
పదకొండే.

బట్టలు ముందు చక్రానికి అటూ ఇటూ.
డేరా హ్యాండిల్‌కి.
పొయ్యి కొట్లోనే వదిలేశాను,
పెళ్ళిదాకా చద్దిరొట్టే.
అకార్డియన్ని దుప్పట్లో చుట్టి
చంటిదాన్ని కట్టుకున్నట్టు వీపున కట్టుకున్నాను.
"నడుం విరుగుద్ది."
"విరగనీ."

ఊరు దాటాక మొదటి గుంత.
తోలుపట్టీ ఊడి
నా వెన్నుమీద అది ఊపిరి తీసింది.
ఒకే ఒక్క స్వరం, బాగా కిందిది.
కంచె అవతల గొర్రెలు మేత మాని తలెత్తాయి.

ఆ తర్వాతంతా దిగుడు.
గుంతల్ని నేను
తప్పించలేదు.