పదమూడో బుష్షు

బాలానగర్‌లో మా షెడ్డుకి
యుద్ధవిమానం ఆటోలో వచ్చింది,
జేబురుమాల్లో మూటగట్టి:
బొటనవేలంత కంచు బుష్షు, ఒక పక్కకి అరిగి.

తెచ్చినాయన పేరు నా నాలిక మీద నిలవలేదు.
ఏదో చిన్న దేశం, అక్కడి వాయుసేనలో పెద్ద హోదా.
బేగంపేట ఎయిర్‌షోలో విందు ఎగ్గొట్టి వచ్చాడు.
మా జహంగీర్‌కి వచ్చిన ఇంగ్లీషే
మా ఇద్దరి మధ్య వంతెన.

ఉన్నవి పదకొండట, ఎగిరేవి నాలుగు.
మిగతా ఏడూ నేల మీద నిలబడి
ఒక్కో ఎముకా ఊడదీసి అప్పిస్తున్నాయి.

చాయ్ గ్లాసులు జరిపి మూడు రంగుల పుస్తకాలు పరిచాడు.
ఒకటి చవక, ఇంజను మాత్రం ఇంకో దేశం దయ.
ఒకటి ఎంత వేగమంటే
ఏడు నిమిషాల్లో వాళ్ళ దేశం అయిపోతుంది.
మూడోది ఎవరో వాడి వదిలేసింది, కొత్త రంగేశారు.

"నువ్వైతే ఏది తీసుకుంటావ్?"

లేత్ మనిషిని, నన్నడుగుతాడేంది!
బొమ్మలు తిప్పేసి చివరి పేజీ చదవమన్నాను.
ముప్పై ఏళ్ళకి ఈ బుష్షు ఎవడు చేసిస్తాడో
మూడింట్లోనూ లేదు.
ఏనుగు ధర అచ్చేశారు,
అంకుశం ధర దగ్గర కాగితం తెల్లగా ఉంది.

జహంగీర్ ఆ మాట ఎలా చెప్పాడో గానీ
ఆయన చాలాసేపు చాయ్ ముట్టలేదు.
తర్వాత, నాలుగింట్లో ఒకటి
తన చెల్లెలి కొడుకు నడుపుతాడన్నాడు.

మైక్రోమీటర్ని రెండుసార్లు తుడిచాను.

పన్నెండు చాలన్నాడు, కొత్తవి వచ్చేదాకా.
పన్నెండుకే బిల్లు రాశాను.
పదమూడోది నా డ్రాయర్లో ఉంది,
కొలత మరిచిపోకుండా.